బల్లమీది తాళం

పోయినవారం కత్తెరమ్మ చేత సాక్షి బోను మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టించి, అక్కడే వదిలేసి వచ్చాం. వారం రోజులు ఒంటికాలి మీద నిలబెట్టినందుకు ఆమె ఏమీ అనుకోదు. బట్టల మిల్లుల్లో కుట్టు మిషన్ల వరసల మధ్య నిలబడే ఆమె ఉద్యోగమంతా గడిచింది. అయితే ఈ వారమే మన బండి ఎక్కినవాళ్ళు కొందరుంటారు, ఎక్కి కునికిపాట్లు పడుతున్నవాళ్ళు కొందరుంటారు. వాళ్ళకోసం జరిగింది కాస్త చెప్పి ముందుకు వెళదాం.

ఆమెకు పెట్టిన పేరు ఏమిటో ఇంట్లోవాళ్ళే మరిచిపోయారు. నడుముకు వేలాడే కత్తెర పుణ్యమా అని అందరికీ కత్తెరమ్మే. రిటైరయ్యాక ఆమె లా కాలేజీకి రావడం మొదలుపెట్టింది. ఇందులో వింతేమీ లేదు, కాలేజీ వాళ్ళే పిలిచారు. రిటైరైనవాళ్ళు ఏ క్లాసులోనైనా ఆఖరి బెంచీలో కూర్చోవచ్చు, లైబ్రరీ వాడుకోవచ్చు, ఇంటి తగాదాలకో పింఛను తిప్పలకో ఊరికే సలహా అడగొచ్చు. బదులుగా పిల్లలు నడిపే ఉత్తుత్తి కోర్టులో సాక్షులుగా నిలబడాలి. అంతకుముందు పిల్లలే పిల్లలకు సాక్ష్యం చెప్పేవాళ్ళు, సగం కేసులు కిసకిసలతోనే తెల్లారిపోయేవి. ఇప్పుడు బోనెక్కిన రిటైర్డు బస్సు కండక్టరు నోటి నుంచి నిజం రాబట్టాలంటే పిల్లలకు తలప్రాణం తోకకొస్తోంది. వాళ్ళకు విద్య ఒంటబట్టింది, వీళ్ళకు పొద్దున్నే ఇస్త్రీ బట్టలు వేసుకోవడానికి ఒక కారణం దొరికింది. ఈ ఏర్పాటుకు తోడు బెంచీ అని పేరు పెట్టారు.

కత్తెరమ్మ కూడా మొదట్లో తోచకే వచ్చింది. సాక్ష్య చట్టం క్లాసులో ప్రిన్సిపాల్ తన తాళం కథ చెప్పిన రోజున, ఆ తోచకపోవడం కాస్తా పగగా మారింది.

తాళం కథ తెలియనివాళ్ళు ఆ కాలేజీలో లేరు. ముప్ఫై ఏళ్ళ కిందట ఒక రాత్రి ఒక మిల్లు కాలిపోయింది. వెనక తలుపుకు బయట తాళం వేసి ఉండటంతో లోపలి ఆడవాళ్ళు బయటికి రాలేకపోయారని కేసు. ఆ తలుపుకు అసలు తాళమే వేసేవాళ్ళం కాదని యజమాని వాదన. బూడిదలో దొరికిన తాళాన్ని ఫైరింజను వాళ్ళు కోర్టుకు అప్పజెప్పారు గానీ, విచారణ నాటికి అది కోర్టు సామాన్ల గదిలోంచి మాయమైంది. ఇక మిగిలింది ఒకే ఒక సాక్షి. ఆమె పగటి షిఫ్టు పెద్ద, ఆ తలుపును రోజూ చూసే మనిషి. తాళం మీద ఆకుపచ్చ రంగు మరక ఉండేదని పోలీసులకు చెప్పింది. అప్పట్లో కుర్ర లాయరుగా యజమాని తరఫున వాదిస్తున్న మన ప్రిన్సిపాల్, కోర్టులో జేబులోంచి ఆకుపచ్చ మరకున్న తాళం ఒకటి తీసి ‘ఇదేనా?’ అన్నాడు. ఆమె ‘ఇదే’ అంది. ‘ఇది నేను ఈ ఉదయం బజారులో కొన్నాను, రంగు కూడా నేనే పూశాను’ అన్నాడు. కోర్టంతా ఒకటే నవ్వు. కేసు అక్కడితో సరి.

ఆ సాక్షి కత్తెరమ్మ. కాలిపోయినవాళ్ళలో ఒకతె ఆమె చెల్లెలు, ఇంట్లో అందరూ చిన్నది అని పిలిచే పిల్ల. తలుపు తెరిచే ఉందనీ, లోపలివాళ్ళే కంగారులో దారి తప్పారనీ, ఈ సాక్షి మాట నమ్మదగింది కాదనీ తీర్పులో రాశారు. అంటే చిన్నది తన కంగారుతో తానే చచ్చిపోయింది, అక్కేమో అబద్ధాలకోరు. ఇవాళ ఆ లాయరు నోటితోనే, నిండు హాల్లో, సాక్షి అబద్ధం చెప్పలేదు అనిపించాలి. కత్తెరమ్మకు కావలసింది ఆ ఒక్క మాట. దానితోపాటు అతని ముఖం మీది నవ్వు ఊడిపోవడం కూడా చూడాలి. ఆ రెండోదాని మీద మనసు కాస్త ఎక్కువే ఉందని దాచకుండా చెబుతున్నాను.

అందుకోసం ఆమె చేసిన పనుల్లో పెద్దది, ఆ మాట తీర్పు రాసిన మనిషి చెవిన కూడా పడాలని ఆనాటి జడ్జిగారిని వెతికి పట్టుకోవడం. ముసలాయన ఒంటరిగా బాల్కనీలో కూర్చుని రోడ్డు మీద కార్లు చూస్తూ కాలం గడుపుతున్నాడు. కత్తెరమ్మ రెండు నెలలు బతిమాలి తోడు బెంచీకి తీసుకొచ్చింది. ‘నేను మీకు గుర్తున్నానా అన్నయ్యగారూ?’ అని మొదటిరోజే అడిగింది. ‘ఎన్ని కేసులమ్మా, ఎవరని గుర్తుంటారు’ అన్నాడాయన. ఉత్తుత్తి కోర్టుకు ఆయనే జడ్జి అయ్యాడు, పిల్లలందరికీ జడ్జి తాతగారయ్యాడు. రోజూ కత్తెరమ్మ ఫ్లాస్కులో టీ ఇద్దరూ చెరిసగం తాగేవాళ్ళు. వర్షం వస్తే ఆయన గొడుగు, ఎండ వస్తే ఆమె గొడుగు. ఒక్కటే వింత. ప్రిన్సిపాల్ గదిలోకి మాత్రం ఆయన ఏనాడూ రాలేదు. మెట్లు ఎక్కలేనమ్మా అనేవాడు. కోర్టు హాలు మెట్లు మాత్రం బాగానే ఎక్కేవాడు.

జరిగింది ఇదీ. ఇక ఆమె రెండో కాలు కూడా బోనులో పెట్టనిద్దాం.

హాలు కిటకిటలాడుతోంది. ప్రిన్సిపాల్ వచ్చే నెల రిటైరవుతున్నాడు, సాక్షిని ప్రశ్నించడం ఎలాగో ఆయన చేసి చూపించే ఆఖరి పాఠం ఇది. ఏటా ఒక మిల్లు అగ్నిప్రమాదం కేసునే తీసుకుంటాడు. దాన్ని రాసిందీ ఆయనే, గెలిచేదీ ఆయనే. కూర్చోడానికి చోటు దొరకనివాళ్ళు గోడల వెంట నిలబడి ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. ముందు వరసలో తోడు బెంచీవాళ్ళు. నల్లబల్ల మీద ఆయన చేతిరాతలోనే రెండు సూత్రాలు. సాక్షిని ఎందుకు అని అడగకు. జవాబు తెలియని ప్రశ్న అసలే అడగకు.

సాక్షి తరఫున లాయరు వేషం కళ్ళజోడు పిల్లది. నలుగురిలో లేచి నిలబడితే గొంతు పూడుకుపోయే పిల్ల. కత్తెరమ్మ తన ఇంట్లో కుట్టు మిషను తొక్కుతూ, ఆ చప్పుడుకు మించి వాదించమని రోజూ కూర్చోబెట్టి ఆ పిల్ల గొంతు తెరిపించింది. బదులుగా ఆ పిల్ల చట్టంలోని సెక్షన్లు ఒక్కొక్కటే విడమరిచి చెప్పింది. కత్తెరమ్మ అసలు ఎవరో మాత్రం ఆ పిల్లకు కూడా తెలియదు.

ప్రిన్సిపాల్ నల్లకోటు సర్దుకుని బోను దగ్గరికి వచ్చాడు. ఆమె ముఖంలోకి చూశాడు, గుర్తుపట్టలేదు. తెల్లజుట్టు వల్లా కాదు, కళ్ళద్దాల వల్లా కాదు. ఆ రోజు కూడా అతను ఆమె ముఖం చూడలేదు, నవ్వుతున్న జనం వైపే చూశాడు.

“భయపడకండమ్మా, ఇది ఉత్తుత్తి కోర్టే కదా” అన్నాడు.

“భయమేం లేదు సార్. ఇదివరకు ఓసారి బోనెక్కాను.”

“అయితే ఇంకేం, మంచిదే. ఆ వెనక తలుపును మీరు రోజూ చూసేవారు?”

“చూసేదాన్ని.”

“దానికి తాళం ఉండేది?”

“ఉండేది.”

“తాళం మీద ఆకుపచ్చ మరక ఉండేది?”

“ఉండేది సార్.”

అదే గొంతు. మెత్తగా, జోల పాడుతున్నట్టు. ఆనాడు ఈ గొంతుతోనే ‘నువ్వు’ అన్నాడు, ఇవాళ ‘మీరు’ అంటున్నాడు. తేడా అంతే. కత్తెరమ్మ బోను కమ్మీ మీద చేతులు ఆనించుకుంది. మనసు పండగ చేసుకుంటోంది.

ప్రిన్సిపాల్ కోటు జేబులో చెయ్యి పెట్టగానే హాలంతా ‘ఓ’ అని రాగం తీసింది. ఏం వస్తుందో అందరికీ తెలుసు. ఆయన గదిలో బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకునే తాళం అది, కత్తెరమ్మ కూడా దాన్ని అక్కడే చూసింది. గెలిచిన కేసు నుంచి ఒక వస్తువు గుర్తుగా దాచుకోవడం ఆ తరం లాయర్లకు సరదా. కొందరు విరిగిన గాజుముక్క దాచుకున్నారు, ఒకాయన చెప్పు దాచుకున్నాడు. ఇతను తాళం దాచుకున్నాడు. అటెండరు చేత నెలకోసారి నూనె రాయించి, మెరిపించి మరీ దాచుకున్నాడు.

“ఇదేనా అమ్మా ఆ తాళం?”

“ఇదే.”

“ఖాయంగా?”

“ఖాయంగా సార్.”

ప్రిన్సిపాల్ గిర్రున పిల్లల వైపు తిరిగి తాళం పైకెత్తాడు. “ఈ తాళం నేను ఈ ఉదయమే బజారులో కొన్నాను! రంగు కూడా నేనే పూశాను!”

నవ్వులు హోరెత్తాయి. ఆ నవ్వు చెవిన పడగానే కత్తెరమ్మకు పాత కోర్టు హాలు కళ్ళముందు నిలిచింది. ఆ రోజు తన లాయరు తల దించుకుని కూర్చుండిపోయాడు. తాను ఏం చేసిందో తెలుసా? ఏం చేయాలో తోచక, అందరితో పాటు తానూ నవ్వింది. ఒంటిమీద చెల్లెలి చీర ఉంది, ఇంట్లో అమ్మ మంచం పట్టి ఉంది, తానేమో బోనులో నిలబడి పళ్ళు బయటపెట్టి నవ్వింది. కేసు ఓడిపోయినందుకైనా అతన్ని క్షమించేదేమో గానీ, తనచేత నవ్వించినందుకు మాత్రం ఏ జన్మకూ క్షమించదు.

ఇవాళ ఆమె నవ్వలేదు. కథ ప్రకారం సాక్షి ఇక్కడ తల దించుకోవాలి, దించుకోలేదు. నవ్వులు వాటంతట అవే సన్నగిల్లాయి.

“ఏమ్మా, ఇప్పుడేమంటారు?” అన్నాడు ప్రిన్సిపాల్.

“ఇదే ఆ తాళం అంటాను సార్.”

“నేనే కొన్నానని చెప్పాక కూడానా?”

“చెప్పాక కూడా.”

ఆయన పిల్లల వైపు చూసి కన్నుగీటాడు. “చూశారా, మొండి సాక్షి అంటే ఇలా ఉంటారు! అంత నమ్మకం ఎందుకమ్మా మీకు?”

మాట జారింది. ముందు వరసలో ఎవరో “అయ్యో సార్, ఎందుకు అని అడిగారు!” అన్నారు. పిల్లలు నల్లబల్ల వైపు చూసి మళ్ళీ నవ్వారు. ప్రిన్సిపాల్ కూడా నవ్వుతూ నాలుక కరుచుకుని, “సరే, ఆ ప్రశ్న వదిలేద్దాం. మీరు వెళ్ళొచ్చమ్మా” అన్నాడు.

కళ్ళజోడు పిల్ల లేచింది. గొంతు పూడుకుపోలేదు. “అభ్యంతరం! ప్రశ్న మీరే అడిగారు సార్. సాక్షిని జవాబు చెప్పనివ్వాలి. అది మీరు చెప్పిన పాఠమే.”

అందరూ జడ్జి తాతగారి వైపు చూశారు. ఆయన చేతిలోని చెక్క సుత్తిని ఎత్తలేదు, దించలేదు. అంతసేపు దేనికి ఆలోచిస్తున్నాడో కత్తెరమ్మకు అర్థం కాలేదు. చివరికి గొంతు సవరించుకుని “చెప్పమ్మా” అన్నాడు.

“ఆ తాళం అడుగున, ఎడమ పక్క ఒక నొక్కు ఉంటుంది. చూడండి సార్” అంది కత్తెరమ్మ.

ప్రిన్సిపాల్ చూడలేదు. చూడాల్సిన పనిలేదు, రోజూ చేత్తో తడిమే వస్తువు. కళ్ళజోడు పిల్ల వచ్చి అతని చేతిలోంచి తాళం తీసుకుని తిప్పి చూసింది. “ఉంది” అంది.

“ఒకరోజు నేను ఆ తలుపు తాళంచెవి ఎక్కడో పారేసుకున్నాను. మేస్త్రీ నన్ను నానా మాటలూ అంటున్నాడు. మా చిన్నది ఊరుకుందా? ‘మా అక్కనే అంటావా, తాళం లేకపోతే చెవితో పనేంటి’ అని రాయి తీసుకుని ఒక్కటేసింది. తాళం తెరుచుకోలేదు, నొక్కు పడింది. దాని జీతంలో కోసుకుని కొత్త చెవి చేయించారు. ఈ నొక్కు సంగతి నేను పోలీసులకు చెప్పలేదు. మరక గురించి అడిగారు, మరక గురించే చెప్పాను. నేను చెప్పిన మరకను మీరు పూశారు, బాగుంది. చెప్పని నొక్కును ఎవరు పెట్టారు సార్?”

ఫోన్లు పట్టుకున్న చేతులు ఇంకాస్త పైకి లేచాయి. ప్రిన్సిపాల్ ముఖంలో నవ్వు ఇంకా ఉంది గానీ, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు పెదాల మీద అటూ ఇటూ కదులుతోంది.

“మీరు... మీరెవరు?” అన్నాడు.

“ఇంతసేపూ ‘మీరు, మీరు’ అంటున్నారు. అప్పట్లో ‘నువ్వు’ అన్నారు. మీ కథలో అందరినీ నవ్వించే సాక్షిని సార్ నేను.”

ఆమె నడుముకున్న కత్తెర సంచీ విప్పింది. కత్తెర తీసి కమ్మీ మీద పెట్టి, సంచీ అస్తరు లోపలికి వేళ్ళు దూర్చి, ఒక తాళంచెవి బయటికి తీసింది.

“పోయిందనుకున్న చెవి ఇది. కేసు కొట్టేసిన చాలా ఏళ్ళకు ఈ సంచీ అస్తరు మారుద్దామని కుట్లు విప్పితే దొరికింది. తాళమే లేదని కోర్టు రాసేసింది, ఇక చెవితో ఏం పని? చిన్నది నాకోసం పోట్లాడిన గుర్తుగా దాచుకున్నాను.” కళ్ళజోడు పిల్ల వైపు చెయ్యి చాపింది. “ఇలా ఇవ్వమ్మా.”

“ఇది నాటకం!” అన్నాడు ప్రిన్సిపాల్. “ఆ రకం తాళాలన్నిటికీ ఒకే చెవి పడుతుంది. ఏం రుజువవుతుంది దీనివల్ల?”

“అయితే మీరు కొన్నదాని చెవులు ఏవి సార్?” అని అడిగింది కళ్ళజోడు పిల్ల.

“పోయాయి.”

“ఈ తాళం తెరిచి ఉండగా కాలేజీలో ఎవరూ చూడలేదు. కొన్న రోజునే పోయాయా? తాళం కొని, రంగు పూసి, మూసేసి, చెవులు పారేసి కోర్టుకు తెచ్చారా?”

ఎవరో ఫక్కున నవ్వారు. ఇంకొకరు అందుకున్నారు. మరుక్షణం హాలంతా నవ్వింది. ఇన్నేళ్ళూ ఆ నవ్వు సాక్షి వైపు వీచింది, ఇప్పుడు గాలి తిరిగింది. కత్తెరమ్మ తొందరపడలేదు. ఆ నవ్వు చివరికంటా అతని చెవుల్లో పడనిచ్చింది. అతని చెంపలు ఎర్రబడటం కళ్ళారా చూసి, ఇంకొంచెం ఎర్రబడితే బాగుండుననుకుంది.

అప్పుడు చెవి పెట్టి తిప్పింది.

నూనె తిన్న తాళం కిమ్మనకుండా తెరుచుకుంది. మిల్లు తగలబడిన రోజు మూసుకున్న కొక్కెం ఇవాళ ఊడి వచ్చింది. కత్తెరమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత తేలిగ్గా తెరుచుకునే దాని వెనక చిన్నది ఎంతసేపు తలుపు బాది ఉంటుందో అనుకుంది. మరుక్షణం కళ్ళు తుడుచుకుంది. ఏడవడానికి ఇల్లుంది, ఇక్కడికి వచ్చింది ఏడవడానికి కాదు.

“ఇప్పుడు నేను అడుగుతాను సార్. అవును, కాదు అని చెప్పండి చాలు. వివరణలు వద్దు, మీ దగ్గర నేర్చుకున్నదే. ఈ తాళం మిల్లు తలుపుదేనా?”

“సాక్షి లాయరును ప్రశ్నించడానికి వీల్లేదు.”

“ఉత్తుత్తి కోర్టే కదా సార్, భయమెందుకు?”

అతను హాలంతా కలియజూశాడు. తాను తయారుచేసిన పిల్లలు. ఒక్కరైనా అయ్యో పాపం అంటారేమోనని చూశాడు. కాదంటే ఈ ఫోన్లన్నిటిలో జీవితాంతం చెవుల్లేని తాళంగా మిగిలిపోతాడు.

“అవును” అన్నాడు.

“గట్టిగా సార్, వెనక బెంచీకి వినిపించాలి.”

“అవును! మిల్లు తలుపుదే.”

“సాక్షి అబద్ధం చెప్పిందా?”

“లేదు” అన్నాడు. ముఖం మీద నవ్వు లేదు. అది లేకపోతే అతని ముఖం ఇంత ముసలిదా అని కత్తెరమ్మ ఆశ్చర్యపోయింది.

కావలసిన మాట దొరికింది. కడుపు చల్లబడింది. ఇక దిగి, ఫ్లాస్కు తీసుకుని, అన్నయ్యగారితో ఓ గుక్క టీ తాగి ఇంటికి వెళ్ళొచ్చు. నన్నడిగితే దిగమనే చెప్పేవాణ్ణి. కానీ పగ రుచి మరిగిన నోరు అంతలో ఊరుకోదు.

“వచ్చే నెల మీరూ రిటైరవుతున్నారు. మా తోడు బెంచీకే వస్తారుగా? మీ పక్కన ఎవరు కూర్చుంటారో చూద్దాం” అంది. ఇంకా కసి తీరలేదు. “ఇది కూడా చెప్పి వెళ్ళండి. కోర్టు సామాన్ల గదిలో ఉండాల్సిన తాళం మీ జేబులోకి ఎలా వచ్చింది? దొంగిలించి తెచ్చి ఇచ్చింది మీ యజమానేనా?”

కళ్ళజోడు పిల్ల చటుక్కున నల్లబల్ల వైపు చూసింది. జవాబు తెలియని ప్రశ్న అసలే అడగకు. ఆ పిల్ల చెయ్యెత్తేలోపే ఆలస్యమైపోయింది.

ప్రిన్సిపాల్ ముఖంలోకి నవ్వు తిరిగి వచ్చింది. పాత నవ్వు కాదు, ఒంటరిగా మునగనవసరం లేదని తెలిసినవాడి నవ్వు.

“కాదమ్మా” అన్నాడు, మళ్ళీ ఆ మెత్తని గొంతుతో. “మా యజమాని ఆ గది గుమ్మం కూడా తొక్కలేదు. అప్పట్లో ఆ గదికి ఒకటే చెవి. అది ఎవరి సొరుగులో ఉండేదో, ఆ తాళాన్ని రుమాల్లో చుట్టి నా చేతిలో ఎవరు పెట్టారో, రోజూ మీతో టీ తాగేవాళ్ళను అడగండి.”

కత్తెరమ్మ వెనక్కి తిరిగింది.

“అన్నయ్యగారూ, ఈయన అబద్ధం చెబుతున్నాడు. కాదని చెప్పండి.”

జడ్జి తాతగారు చెక్క సుత్తిని బల్ల మీద మెల్లగా పక్కకు పెట్టాడు. కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు, లేవలేకపోయాడు. ఆయన చూపు ఆమె చేతిలోని తాళంచెవి మీదే ఆగిపోయింది. ఆమె ముఖం దాకా రాలేదు.

“ఎన్ని కేసులైనా అమ్మా,” అన్నాడు, “నువ్వు మాత్రం మొదటిరోజు నుంచీ గుర్తున్నావు.”